వలలు సున్నా

సముద్రానికి మంచం ఉందని మా ఊరికి మొన్ననే తెలిసింది. పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన నోటీసులో అలాగే ఉంది. "సముద్ర మంచమును కొలుచుటకు ఓడ వచ్చును. గాలి పొలము వేయుటకు గ్రామస్థులు సహకరించవలెను." గాలి పొలానికి యూరియా ఇస్తారా అని ఒకాయన అడిగాడు కూడా.

సంగతేంటంటే, సముద్రంలో గాలిమరలు పాతి కరెంటు తీస్తారట. పాతే ముందు అడుగున ఇసుకుందో బురదుందో చూసి మ్యాపు గీయాలి. మంచి పనే, ఎవరు కాదన్నారు? కాకపోతే ఇంగ్లీషు నోటీసుని తెలుగు చేసే పని హైదరాబాదులో ఏ మహానుభావుడో కంప్యూటరుకి అప్పజెప్పి, తను టీ తాగడానికి వెళ్ళినట్టున్నాడు. కంప్యూటరు తన విద్యంతా చూపించింది.

మంచం, పొలం చదివి పడీ పడీ నవ్వుకున్నాం. మూడో మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. "వలలు సున్నా చేయుటయే ఈ పథకము యొక్క లక్ష్యము." మా ఊళ్ళో అందరం చేపల వేట మీద బతికేవాళ్ళమే.

గొడవయ్యేలా ఉందని ఆ గాలిమరల కంపెనీ వాళ్ళు మీటింగు పెట్టారు. వాళ్ళ ఆఫీసరు శ్రీనివాసరాజు గారిది భీమవరం, మహా మర్యాదస్తుడు. వస్తూ వస్తూ రావులపాలెంలో ఆగి కారు నిండా అరటిపళ్ళు వేసుకొచ్చారు. నోట్లో పండు ఉన్నవాడు అరవలేడని కనిపెట్టిన మనిషి.

మా హైస్కూలు ఇంగ్లీషు టీచరు తబిత గారిని కూడా వేదిక ఎక్కించారు. ఆవిడ నోటీసులో తప్పులు దిద్ది సంతకం పెట్టాలి. ఊరి టీచరమ్మ సంతకం పడ్డాక, మాకు అర్థం కాలేదని రేపు మేమెవరమూ అనడానికి వీల్లేదు.

తబిత గారు ఎర్ర పెన్ను తీసి మంచం కొట్టేశారు, "అడుగు నేల" అని రాశారు. పొలం కొట్టేసి "గాలిమరలు" అని రాశారు.

"ఆ మూడోది కూడా కొట్టేయండమ్మా," అన్నారు శ్రీనివాసరాజు గారు మైకులో. "నెట్ జీరో అంటే పొగ లెక్కండి. గాల్లో కలిసే పొగని సున్నాకి తేవడం అన్నమాట. నెట్ అనగానే కంప్యూటరు చేపల వల అనుకుందండి."

మాకు ప్రాణం లేచొచ్చింది. అరటిపళ్ళు కూడా అప్పుడే తియ్యగా అనిపించాయి.

ముందు వరసలోంచి వెంకన్న లేచాడు. తీరానికి ఎదురుగా చందువ చేప పడే చోటు ఒకటుంది. వెంకన్న ఇల్లు దాని మీదే నడుస్తుంది. ఊళ్ళో సగం ఇళ్ళూ అంతే, మా ఇంటితో సహా.

"అయితే చందువ చోట మేం వల వేసుకోవచ్చాండి?"

"సర్వే ఓడ వెనకాల పొడుగ్గా తీగలు లాగుతుందండి. అప్పుడు కుదరదండి."

"ఓడ వెళ్ళిపోయాక?"

"మరలు పాతుతుంటారు కదండి. సేఫ్టీ ముఖ్యం అండి."

"పాతేశాక?"

"అడుగున కరెంటు కేబుళ్ళు ఉంటాయండి. వల తగిలితే ప్రమాదం అండి. మీ మంచికేనండి."

ఇంత మర్యాదగా ఊరి నోట్లో మట్టి కొట్టడం నేనెక్కడా చూడలేదు. ప్రతి దెబ్బకీ ఒక అండి.

వెంకన్న చేతిలో అరటిపండు పక్కన పెట్టేసి కూర్చున్నాడు.

తబిత గారు పెన్నుకి మూత పెట్టేశారు.

"మూడోది దిద్దలేదేంటమ్మా? అది తప్పు కదా?" అన్నారు శ్రీనివాసరాజు గారు.

"ఇంగ్లీషు ప్రకారం తప్పేనండి," అన్నారు ఆవిడ. "మరలు పాతాక చందువ చోట వల వేసుకోవచ్చని మీరు మైకులో ఒక్క మాట చెప్పండి. వెంటనే కొట్టేసి సంతకం పెడతాను."

ఊరంతా ఆయన నోటి వంకే చూస్తోంది. శ్రీనివాసరాజు గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. గొంతు సవరించుకున్నారు. చాలా మర్యాదగా దాని స్విచ్చి ఆపేశారు.