మడత నాది, మమత మా ఆయనది

“డైపర్ ఒక్కటే ఉంది!” అని నేను స్నానాలగదిలోంచి అరిచాను. “డైపర్ పక్కనే ఉంది” అని మా ఆయనకు వినిపించింది. తప్పు తనది కాదంటాడు, కాఫీ గింజలు పొడి చేసే యంత్రానిదంటాడు. సరిగ్గా అప్పుడే అది గుర్రుమందట. “సరే, చూసుకో!” అని తిరిగి ఓ కేకేసి, సంచీ భుజాన వేసుకుని బజారుకు వెళ్ళిపోయాడు. శనివారం సాయంత్రం ఐదుకు ఐదు నిమిషాలుందనగా వచ్చి రొట్టె, జున్ను, సాసేజీలు, తన గడ్డానికి రాసుకునే నూనె బల్లమీద వరసగా పేర్చాడు. డైపర్లేవీ అన్నాను. పక్కనే ఉన్నాయన్నావుగా అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా చర్చి గడియారం ఐదు కొట్టింది. గడియారం ఐదు కొట్టిందంటే మా ఊళ్ళో ప్రతి కొట్టూ కట్టేసినట్టే. ఇక సోమవారం పొద్దున ఎనిమిదింటికే.

మా ఊరు స్విట్జర్లాండులో రెండు కొండల మధ్య ఇరుక్కున్న ఊరు. మాకు కారు లేదు. ఆదివారం కూడా దుకాణం తెరిచుండే స్టేషను రైల్లో గంట దూరం, ఆ ఆదివారమేమో పట్టాలు బాగుచేస్తూ రైళ్ళు ఆపేశారు. మా మేడలో ఆరు కాపురాలు, పసిబిడ్డ మాత్రం మాదొక్కటే. కాబట్టి అరువుకీ దిక్కులేదు. ఆదివారం కాదు, అది నాకు ఆదిభారం.

నా పేరు అన్నీనా. ఆ ఇంట్లో పనులు కూడా అన్నీ నావే. మా ఆయన ఉర్స్. ఆ పేరుకు అర్థం ఎలుగుబంటి. నిద్ర విషయంలో పేరు నిలబెట్టాడు, పిలిచినప్పుడల్లా నాకు ఉస్సూరుమనిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా కష్టం. చెడ్డవాడైతే పదిమందిలో తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. ఉర్స్ వారానికి నాలుగు రోజులే పనికి వెళతాడు. శుక్రవారం ‘నాన్న రోజు’. ఆ రోజు మా ఏడునెలల ఫ్లురినాని బండిలో వేసుకుని ఊరంతా తిప్పుతాడు. రొట్టెల దుకాణంలో ఆయనకు నెలవంక రొట్టె ఒకటి ఊరికే ఇస్తారు. పోస్టాఫీసు ముందు ముసలమ్మలు ఆగి, “ఈ కాలంలో ఇలాంటి తండ్రులున్నారంటే!” అని కళ్ళు తుడుచుకుంటారు. మిగతా ఆరు రోజులూ అదే బండి, అదే బిడ్డ, అదే రోడ్డు, నేను తోస్తాను. నాకు ఊరికే ఇచ్చేది సలహా ఒక్కటే. “టోపీ పెట్టలేదేం? చలికాదూ?” ఆరు రోజులు నేను తోస్తే అది బండి, ఒక్కరోజు ఆయన తోస్తే రథం! మా అత్తగారు ఫోన్ చేసిన ప్రతిసారీ, “ఉర్స్ వాళ్ళ నాన్న జన్మలో ఒక్కసారి బిడ్డ ముడ్డి కడగలేదు. నువ్వు పెట్టిపుట్టావమ్మా” అనేది. పెట్టి పుట్టాను, నిజమే. అన్నం పెట్టి, పాలు పెట్టి, బట్టలు మడతపెట్టి పుట్టాను. నేను పరాయి ఆడవాళ్ళని చూసి కుళ్ళుకునే రకాన్ని కాదు. నేను కుళ్ళుకున్నది నా మొగుణ్ణి చూసి. పక్కమీద పక్కనే పడుకున్న మనిషిని చూసి కడుపు మండటం ఎలా ఉంటుందో చెబితే నవ్వుతారు. దుప్పటి ఒకటే, దాని కింద ఒకరికి చలి, ఒకరికి మంట.

పెళ్ళికి ముందు నుంచీ పదకొండేళ్ళు కర్టెన్లు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే పని నాది. కంటితో చూసి ఇంత గుడ్డ పడుతుందని చెప్పేదాన్ని, బెత్తెడు తేడా వచ్చేది కాదు. బిడ్డ పుట్టాక సగం రోజులు వస్తానన్నాను. “నీ చెయ్యి బంగారం అన్నీనా, కానీ మాకు సగం బంగారం అక్కర్లేదు” అన్నాడు యజమాని. ఇంటికొచ్చి ఉర్స్‌తో చెబితే, “పోన్లే, నేను శుక్రవారాలు ఉంటున్నానుగా” అన్నాడు. రెండింటికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సరే, ఆ ఆదివారం. ఉన్న ఒక్క డైపరూ పొద్దున ఆరింటికల్లా పని ముగించుకుంది. పైగా పాపకి కడుపు కాస్త జారుడుగా ఉంది. ఉర్స్ తలుపు దగ్గర నిలబడి, “ఇప్పుడెలా?” అన్నాడు. ఆయన ఇల్లంతా ఈ ‘ఎలా’ అనే గొలుసు పట్టుకుని తిరుగుతాడు, దాని రెండో కొస ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది. నేను బీరువా తెరిచాను. పై అరలో మా అత్తగారు పెళ్ళికిచ్చిన పన్నెండు నార తువ్వాళ్ళున్నాయి. గిన్నెలు తుడిచేవి, మూలన ఎర్రదారంతో వాళ్ళ ఇంటిపేరు మొదటి అక్షరం కుట్టినవి. “ఇవి వాడేవి కావమ్మా, ఉండేవి” అని చెప్పి మరీ ఇచ్చింది. ఇస్త్రీ మడత నలగకుండా నాలుగేళ్ళు ఉన్నాయి. ఒకటి తీశాను.

నాలుగు మడతలు వేసి పరిచాను. ఒక్క పొరని మూల పట్టుకుని పక్కకు లాగితే ముక్కోణమైంది. దాన్ని తిరగేసి, మిగిలిన చదరాన్ని మడతమీద మడతగా మధ్యకు చుడితే మందంగా ఒక పట్టీ తయారైంది. ఇంకా తడి ఆగదనిపించి, లోపల నా నెలసరి ప్యాడ్ ఒకటి పరిచాను. పిన్నీసుల్లేవు. పాత మేజోడు పైభాగం కత్తిరిస్తే సాగే పట్టీ వచ్చింది, నడుముకు అది. పైన ఉన్ని చెడ్డీ. ఉన్ని తడిని అంత తొందరగా బయటికి వదలదు, ఆ సంగతి మా అమ్మమ్మ నాకు గొర్రెల దొడ్డిలో చెప్పింది. పాప కాళ్ళాడించింది. ఎక్కడా జారలేదు. పదకొండేళ్ళ చెయ్యి ఊరికే పోలేదనుకుని ఒక్క క్షణం నాకు నేనే ముద్దొచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే మెచ్చుకోవలసిన మనిషి కాఫీ చేసుకోవడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి తొమ్మిది తువ్వాళ్ళు అయిపోయాయి. స్నానాలతొట్టి నిండా మా అత్తగారి ఇంటిపేరు, పసుపురంగులో. వాటిని ఉతకాలి. ఇక్కడొచ్చింది అసలు చిక్కు. మా మేడలో ఉతికే యంత్రం నేలమాళిగలో ఒక్కటే. రెండు వారాలకొకసారి ఒక్కో ఇంటికి ఒక్కో రోజు, గోడమీద పట్టిక ఉంటుంది, ఆ రోజు ఆ ఇంటికి తాళంచెవి. ఆదివారం ఎవరికీ లేదు. ఆదివారం తాళంచెవి కింద అంతస్తులో ఉండే అమ్మన్ గారి ఏప్రాన్ జేబులో నిద్రపోతుంది. పేరులోనే అమ్మ ఉన్నా ఆవిడ నా పాలిట అత్త. పోయిన నెల నా రోజున ఏడు నిమిషాలు ఆలస్యంగా యంత్రం ఆపానని తలుపుకు చీటీ అంటించింది. ‘కొందరికి గడియారం చూడటం రాదు.’ ఆ కొందరు నేనొక్కదాన్నే అని ఆరు కాపురాలకీ తెలుసు.

తువ్వాళ్ళు బుట్టలో వేసి ఉర్స్ చేతికిచ్చాను.

“నేనా?” అన్నాడు.

“నువ్వే. తాళంచెవి అడుగు.”

“ఆదివారం ఆవిడ ఇవ్వదు.”

“అడిగి చూడు.”

పాపని చంకనేసుకుని మెట్లమీద నిలబడి విన్నాను. తలుపు తెరుచుకుంది. ఆ తరవాత అమ్మన్ గారి గొంతు, పాకంలో ముంచి తీసినట్టు. “అయ్యో ఉర్స్ బాబూ! బిడ్డ గుడ్డలు నువ్వు ఉతుకుతున్నావా? మా వారు చొక్కా కూడా విడిచిన చోట వదిలేవారు. ఇదిగో నాయనా, తాళంచెవి. ఎండ బాగుంది, తోటలో తీగమీద ఆరెయ్యి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు.” ఆదివారం! తోటలో! తీగమీద! ఆ మేడ కట్టాక ఆదివారంనాడు ఆ తీగమీద పిచ్చుక కూడా రెక్కలు ఆరబెట్టుకోలేదు. నాకు తువ్వాళ్ళు శుభ్రమవుతున్నందుకు సంతోషం రావాలి. రాలేదు. నా ఉతుకే నా బతుకనుకుంటే, అది కూడా ఆయన చేతిలో పడగానే సేవ అయిపోయింది. ఏడు నిమిషాల చీటీ ఇంకా నా గుండెకే అంటించి ఉంది.

నాలుగింటికి మేడవాళ్ళందరూ తోటలో బల్ల చుట్టూ చేరారు. ఎండ కాసిన ఆదివారాల్లో అది మామూలే. అమ్మన్ గారు ఆపిల్ కేకు చేసింది. తీగమీద తొమ్మిది తువ్వాళ్ళు ఎర్ర అక్షరాలతో రెపరెపలాడుతున్నాయి. అమ్మన్ గారు కేకు కోస్తూ వచ్చిన ప్రతివాళ్ళకీ కథ చెప్పింది. ఆవిడ చెప్పిన కొద్దీ కథ ఉబ్బింది. మొదట ఉర్స్ ఉతికాడు. తరవాత ఉర్స్ మార్చాడు. మూడో ముక్క కేకు దగ్గర తువ్వాలుతో డైపర్ కట్టడం కనిపెట్టిందే ఉర్స్ అయ్యాడు. ఉర్స్ టీ కలుపుకుంటున్నాడు. చక్కెర వేసుకోడు, అయినా కలుపుతూనే ఉన్నాడు.

రెండో అంతస్తులో ఉండే ఎవ్‌లీన్ ఊరి తల్లీబిడ్డల సలహా కేంద్రంలో నర్సు. ఆవిడ పాప నడుమును అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎంత బాగా పట్టి ఉందో! ఎక్కడా ఒరుసుకోలేదు. ఉర్స్, మా కేంద్రంలో శుక్రవారం సాయంత్రాలు గుడ్డ డైపర్ల తరగతి పెడుతున్నాం. చెప్పేవాళ్ళు దొరకట్లేదు. జీతం ఇస్తాం. మీరు చెబుతారా? నాన్న చెబుతున్నాడంటే నాన్నలూ వస్తారు.”

నా చేతిలో కప్పు ఆగిపోయింది. గుడ్డ, మడత, జీతం. ఇన్ని నెలలుగా నేను ఏ తలుపు తట్టినా దొరకని మూడు మాటలు వరసగా వచ్చి, నా పక్కనుంచి నడిచి, మా ఆయన పక్కన కూర్చున్నాయి. ఆయన అటు చూసి, ఇటు చూసి, గడ్డం నిమురుకుని, “ఆలోచించి చెబుతాను” అన్నాడు.

ఆలోచించి! అందరూ ఆయన మమత చూశారు, నా మడత ఒక్కరూ చూడలేదు. పోనీ, చూడనివాళ్ళది తప్పు కాదు. చూసినవాడు అక్కడే కూర్చుని టీ కలుపుతున్నాడు.

సరిగ్గా అప్పుడు పాప తడిపింది. “మంచిదయింది, ఇప్పుడే చూపించండి” అంది ఎవ్‌లీన్. అమ్మన్ గారు తీగమీంచి ఆరిన తువ్వాలు తెచ్చి ఉర్స్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండుగా మడిచాడు. విప్పాడు. నాలుగుగా మడిచాడు. నా వైపు చూశాడు. నా చేతులు వాటంతట అవే లేచాయి. అలవాటు. ఆయన చూడగానే లేచే చేతులవి. రెండింటినీ బెంచీమీద నా తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను. తువ్వాలు జారింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ జారింది. “ఎంత ముద్దుగా తడబడుతున్నాడో చూడండి!” అని అమ్మన్ గారు చప్పట్లు కొట్టింది.

చేతనైతే మెప్పు, చేతకాకపోతే ముద్దు! నాలో ఏదో తెగింది. కానీ గొంతు మాత్రం నేను భయపడినంత పెద్దగా రాలేదు.

“ఉర్స్, ఒక్క పొర పట్టుకుని పక్కకు లాగు. మొత్తం కాదు, ఒక్క పొర. ఆ, ముక్కోణం వచ్చిందా? ఇప్పుడు తిరగెయ్యి. మిగిలిన చదరాన్ని మధ్యకు మడువు. ఇంకోసారి. పాపని దానిమీద పెట్టు. కింది కొస పైకి తీసుకురా, గుడ్డ రెండు చెవులూ ముందుకు. మరీ బిగించకు, రెండు వేళ్ళు పట్టాలి.”

ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. చేతులు నా కిందే ఉన్నాయి. బల్ల చుట్టూ అందరూ ముందుకు వంగారు. ఈసారి జారలేదు.

ఎవ్‌లీన్ నా వైపు తిరిగింది. “ఇది ఎవరి పద్ధతి?”

నేను ఉర్స్‌నే చూశాను. ఆయన చెవులు తువ్వాళ్ళమీది దారమంత ఎర్రబడ్డాయి. “నాకేం రాదు” అన్నాడు, పాపని చూస్తూ. “పొద్దున్నుంచీ అంతా తనే చేసింది. నేను బుట్ట మోశానంతే. ముందే చెప్పాల్సింది.”

“అవును, చెప్పాల్సింది” అన్నాను. “ఎవ్‌లీన్, శుక్రవారాలు నేనొస్తాను. నాన్నలకి ఎలా చెప్పాలో ఇప్పుడే చూశారుగా.”

“అయితే శుక్రవారం సాయంత్రం పాప...” అని ఉర్స్ మొదలుపెట్టాడు.

“నాన్న రోజేగా” అన్నాను.

ఎవ్‌లీన్ నవ్వి, చేతిసంచీలోంచి పుస్తకం తీసి నా పేరు రాసుకుంది. అమ్మన్ గారికి మాత్రం ఇంకా లెక్క కుదరలేదు. కత్తిని కేకులో గుచ్చింది గుచ్చినట్టే వదిలేసి తీగ వైపు చూసింది.

“అయితే మరి ఆ బుట్టెడు గుడ్డలూ...”

“నావే. మడిచిందీ తొట్టిలో నానబెట్టిందీ నేనే.”

“అదేదో ముందే చెప్పొచ్చు కదండీ. మీవని తెలిస్తే నేను...” అంటూ ఆవిడ ఆగిపోయింది. ఆగిన మాట బల్లమీద అందరికీ వినిపించింది.

“తాళంచెవి ఇచ్చేవారు కాదు, అమ్మన్ గారూ” అన్నాను. “తెలుసు కాబట్టే ఆయన్ని పంపాను.”