ఎంగిలి మౌత్‌పీస్

మా ఆయన రాందాస్ సూర్యాపేటలో ఒక బ్యాండు ముందు వరుసలో నిలబడి ట్రంపెట్ ఊదుతాడు. పెళ్ళి ఊరేగింపు బారాత్‌లో మెడ వెనక్కి వంచి పై స్థాయి అందుకున్నాడంటే, అప్పటిదాకా సెల్‌ఫోన్లలో తల దూర్చిన ముసలాళ్ళు కూడా నడుం ఊపుతారు. అంత మొనగాడు తిరుమలగిరిలో ఒక పెళ్ళి విందులో మటన్ నల్లి బొక్క, అదే మూలుగ ఎముక, కొరికి ముందు పళ్ళు రెండూ పోగొట్టుకున్నాడు. బొక్కకి ఏమీ కాలేదట. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు, అదేదో మెచ్చుకోవాల్సిన విషయమైనట్టు.

దవాఖానలో కొత్త పళ్ళు కట్టించుకున్నాడు. పాతవాటికన్నా బాగున్నాయి. పెళ్ళిచూపుల ఫోటోలో ఇలాంటి పళ్ళుండి ఉంటే నేను అంతసేపు ఆలోచించేదాన్నే కాదు. కాకపోతే అవి కాస్త ముందుకొచ్చాయి. ట్రంపెట్ చివర పెదవులకి ఆనించి ఊదే చిన్న గరాటులాంటిది ఉంటుంది, మౌత్‌పీస్ అంటారు. ఆయన పాత మౌత్‌పీస్ అంచు సన్నం. అది నొక్కితే పెదవి వెళ్ళి కొత్త పంటికి తగులుతుంది. ఒక పాట అయ్యేసరికి నోట్లో రక్తం. పై స్థాయికి పోతే పాట బదులు గాలి వస్తుంది, కుక్కరు కూత పెట్టబోయే ముందు సుయ్యిమన్నట్టు.

నెలాఖరుకి మిర్యాలగూడలో రైసుమిల్లు నర్సింగరావు గారింట్లో పెళ్ళి. బ్యాండు మావాళ్ళదే. ఆలోపు ఊదలేకపోతే ముందు వరుసలో శ్రీనాథ్ నిలబడతాడు, మా ఆయన వెనక చేరి తాళాలు కొట్టుకోవాలి. శ్రీనాథ్ ఈ మాట నోటితో అనలేదు. ముందు వరుసవాళ్ళ జరీ కోటు తనకీ ఒకటి కుట్టమని మాత్రం నా దగ్గరికి వచ్చాడు. బ్యాండు కోట్లు కుట్టేది నేనే. కొలత తీసుకునేటప్పుడు వాడి మెడ దగ్గర టేపు కాస్త గట్టిగానే బిగించాను.

ఊదడం ఆగిపోయాక మా ఆయన ఇంట్లో పడ్డాడు. చారులో చింతపండు ఎక్కువైందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని, పక్కింటి కోడిపుంజు తనని చూసి మరీ కూస్తోందని ఒకటే గొణుగుడు. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. ట్రంపెట్‌ని పాత టవల్లో చుట్టి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాడు. ఈ మనిషి నోరు మూసుకోవాలని నేను మొక్కని దేవుడు లేడు. నిజంగా మూసుకుంటే మాత్రం చూడలేకపోయాను. భయమేసింది.

"కొత్త మౌత్‌పీస్ తెచ్చుకోరాదయ్యా" అన్నాను.

కోదాడలో హీరాలాల్ సేటుది బ్యాండు సామాను దుకాణం. ఇద్దరం పోయాం. అద్దాల పెట్టెలో మఖ్మల్ గుడ్డ పరిచి మౌత్‌పీసులు వరసగా పేర్చి ఉంచుతాడు. మా ఆయన ఒక్కోటీ తీసి అరచేతిలో బరువు చూశాడు. ఒక కన్ను మూసి బెజ్జంలోంచి బజారుని చూశాడు. గోటితో టింగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చివరికి అన్నిటికన్నా బరువైనదీ, బంగారు నీళ్ళు పోసినదీ తీసి పక్కన పెట్టాడు.

"ఊది సూడవా?" అన్నాను.

నడిబజారులో చొక్కా విప్పమన్నట్టు చూశారు ఆయనా, సేటూ.

"ఎంగిలైతది" అన్నాడు మా ఆయన.

"ఒకళ్ళు నోట్లో పెట్టుకున్నది ఇంకొకళ్ళు కొంటారా అమ్మా? మా నాన్న కాలం నుంచి అమ్ముతున్నాం, ఇంతవరకు ఎవరూ ఊది చూస్తామని అడగలేదు" అన్నాడు సేటు.

ఇంటికి తెచ్చి దేవుడి ముందు పెట్టి కొబ్బరికాయ కొట్టి ఊదాడు. ఈనబోయే గేదె అరిచినట్టుంది. కొబ్బరి మాత్రం బాగుంది, పచ్చడి చేశాను. నోట పెట్టింది కాబట్టి సేటు వాపసు తీసుకోడు. మళ్ళీ కోదాడ పోయి, మళ్ళీ గోటితో టింగుమనిపించి, ఇంకోటి తెచ్చాడు. ఈసారి పక్కింటి కోడిపుంజు కూడా సిగ్గుపడి కూత ఆపేసింది.

బ్యాండులో ఎవరినైనా అడిగి నాలుగైదు రకాలు ఊది చూడమన్నాను. "ఒకని మౌత్‌పీస్ ఇంకొకడు ముట్టడే, నీకెర్కలేదు" అన్నాడు. ఈ మహానుభావులంతా ఒకే బీడీ చేతులు మార్చుకుంటూ తాగుతారు. అదేంటని అడిగితే "బీడీ వేరు" అన్నాడు. ఎలా వేరో ఆయనకీ తెలీదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చంక దగ్గర పట్టేస్తోందో లేదో తొడిగి చూడకుండా కోటు తీసుకుపోయినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఎద్దుని కొనేవాడు దాని నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు. గంటల తరబడి మూతికి కరుచుకుని ఉండే వస్తువుని మాత్రం కళ్ళతో చూసి కొనాలట!

పెళ్ళి దగ్గరపడింది. శ్రీనాథ్ కోటుకి గుండీలు కుట్టడం ఒక్కటే మిగిలింది. ఆ గుండీలు నా చేత్తో కుట్టడానికి నాకు మనసు రాలేదు. మా ఆయనకి ట్రంపెట్ ఇచ్చి కోదాడ బస్సెక్కించి, నేనూ ఎక్కాను.

దుకాణంలో ఈయన మళ్ళీ గోరు తీశాడు. సేటుకి ఫోన్ వచ్చి అటు తిరిగాడు. అద్దాల పెట్టె తలుపు తీసే ఉంది. సరుకు శుభ్రంగా ఉన్నంతసేపు సేటు ఊదనివ్వడు. పరాయివాళ్ళ ఎంగిలి మా ఆయన ముట్టడు. అందుకని ఆ మఖ్మల్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మౌత్‌పీస్‌నీ నోట్లో పెట్టుకుని, అంచు చుట్టూ నాలుక తిప్పి మరీ కింద పెట్టాను. ఇత్తడి రుచి పాడుగా ఉంటుంది.

సేటు ఇటు తిరిగి కెవ్వుమన్నాడు. "అయ్యో అయ్యో! ఏం చేశావమ్మా! మొత్తం పాడు చేశావు కదా! ఇవన్నీ ఇక మీరే కొనాలి!"

"ఒక్కటే కొంటం. ఏది కొనాల్నో ఊదితేనే గద తెలిసేది? మిగిలినయి ఉడుకు నీళ్ళల్ల వెయ్యి సేటు. హోటలోళ్ళు చెంచాలు రోజూ పారేస్తున్నరా?"

సేటు సంగతి తేలింది. ఇక నాకు మిగిలింది మా ఆయనే.

ఈ మనిషి తిన్న విస్తట్లో నేను పెళ్ళినాటి నుంచీ తిన్నాను. నా కంచంలోది మాత్రం ఆయన ఒక్కనాడూ ముట్టలేదు. పెళ్ళాం ఎంగిలి తింటే మగాడి ఆయుష్షు తగ్గుతుందని మా అత్త సోమమ్మ ఆయనకి ఉగ్గుపాలతోనే నూరిపోసింది. నేను కొరికిన జామకాయ ఒకసారి సరదాగా ఇవ్వబోతే లేచి అవతలకి పోయాడు. ఆ రోజు నాకు ఎంత చిన్నతనంగా అనిపించిందో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

"అన్నీ నోట్లె పెట్టుకున్నవా?" అన్నాడు.

"పెట్టుకున్న. నా ఎంగిలే. ఊదుతవో, పోయి తాళాలు కొడ్తవో నీ ఇష్టం."

జేబులోంచి దస్తీ తీశాడు. ఒకటి తీసుకుని, నూనె మరక తుడిచినట్టు తుడిచి, ట్రంపెట్‌కి తగిలించి ఊదాడు. రాలేదు. ఇంకోటి తుడిచాడు. అదీ రాలేదు. మరోటి కాస్త వచ్చి పైకి పోయేసరికి చీలిపోయింది. సేటు మొదట తల పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి దగ్గరికొచ్చాడు. "లోతు తక్కువున్నది చూడు రాందాసూ. అంచు వెడల్పుగా ఉండాలి నీకు" అంటూ తనే ఏరి అందించసాగాడు. బుద్ధెరిగిన నాటి నుంచీ అమ్ముతున్న సరుకు ఎలా పలుకుతుందో ఆయన కూడా అప్పుడే వింటున్నాడు.

పళ్ళెం మూలన ఒక పొట్టిది ఉంది, పూత మాసిపోయి. అంచు వెడల్పుగా, గుండ్రంగా ఉంది. మా ఆయన ఎప్పుడూ దానికి గోరు కూడా తగిలించలేదు. ఇప్పుడు తీసుకున్నాడు. తొందరలోనో ఏమో, తుడవలేదు. పెదవులకి ఆనించాడు.

వచ్చింది. మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ తడిమి చూసుకుంటూ ఎక్కి, పైకి పోయి అక్కడ నిలిచాడు. బయట ఆటోవాళ్ళు పెళ్ళేమోనని తొంగిచూశారు. దించాక పెదవి మీద వేలు పెట్టి చూసుకున్నాడు. రక్తం లేదు. నేను దుకాణం స్టూలు మీద కూర్చుని, అంతమంది మగవాళ్ళ ముందు భోరున ఏడ్చాను.

మిర్యాలగూడలో బారాత్ బయల్దేరబోతోంది. బ్యాండువాళ్ళ కోట్లు సరిచేయడానికి నేనూ వెళ్ళాను. శ్రీనాథ్ తన పాత కోటులో రెండో వరుసలో ముఖం మాడ్చుకుని ఉన్నాడు. డప్పులు మొదలయ్యాయి. ముందు వరుసలోంచి మా ఆయన బయటికొచ్చి, అందరూ చూస్తుండగా, నా ముందు నిలబడి మౌత్‌పీస్ చాచాడు.

"ఓసారి నోట్లె పెట్టియ్యి."

"ఏందన్నా, వదినె ఎంగిలా?" అన్నాడు శ్రీనాథ్, పళ్ళన్నీ బయటపెట్టి.

"అవ్‌రా. అయితేంది?"

ప్రేమతో అడిగాడో, ఆ రోజు వచ్చిన పాట మళ్ళీ రాదేమోనన్న భయంతో అడిగాడో నాకు తెలీదు. అడిగితే భయమనే అంటాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. సూదీ దారం పక్కన పెట్టి, మౌత్‌పీస్ అందుకుని, పెదవులకి ఆనించి ఇచ్చాను. అలాగే తగిలించుకుని పోయి ముందు నిలబడ్డాడు.