పక్కపక్కన కూర్చోనివాళ్ళు

ముప్పై ఏళ్ళుగా ఆ నాటకాల హాల్లో సీట్లు పంచేది గుమాస్తాయే. అట్టమీద గళ్ళు, చెవిమీద పెన్సిలు, అంతే సరంజామా. యజమాని కొత్తల్లుడికి అది చూస్తే నవ్వొచ్చింది. నెలరోజులు తలుపేసుకుని కంప్యూటరులో ఒక పద్ధతి తయారుచేశాడు. కలిసి టికెట్లు కొన్నవాళ్ళందరినీ అది ఒకేచోట కూర్చోబెడుతుంది, మధ్యలో ఒంటి సీటు మిగలనివ్వదు.

"మామయ్యా, ఈయన చార్టు చూడండి. మనింటివాళ్ళు వచ్చిన ప్రతిసారీ మూడో వరసలో ఒక సీటు ఖాళీ. ఎందుకని అడిగితే పలకడు."

"ఏమయ్యా, నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాడు యజమాని.

గుమాస్తా చెవిమీది పెన్సిలు సర్దుకున్నాడు. ఆ సీటుకి అటు యజమాని, ఇటు ఆయన తమ్ముడు. ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. ఆ ఖాళీ వల్లే తను నాటకం చూడగలుగుతున్నానని పెద్దమనిషికి ఏనాడూ తట్టలేదు.

"శనివారం కంప్యూటరే చూసుకుంటుంది. బాగా జరిగితే నువ్విక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో," అన్నాడు యజమాని.

విశ్రాంతి అంటే ఏమిటో గుమాస్తాకి తెలుసు. ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు, తెచ్చేవాడు తనొక్కడే.

శనివారం యజమాని ఇంటిల్లిపాదీ పదకొండుమంది వచ్చారు. కంప్యూటరు రెప్పపాటులో సర్దేసింది. హాల్లో ఒక్క కుర్చీ మిగల్లేదు. అల్లుడు కాలరెగరేశాడు. అన్నదమ్ముల మధ్య మిగిలింది ఒకే ఒక్క కుర్చీ చెయ్యి. దానిమీద యజమాని మోచెయ్యి ఆనించాడు. తమ్ముడు తోసేశాడు.

"ఇది కూడా నీదేనా అన్నయ్యా? ఇల్లు చాల్లేదా?"

"మోచేతికి కూడా నీ అనుమతి కావాలేంట్రా?"

తోటికోడళ్ళిద్దరూ లేచారు. వేదికమీద రాజు చచ్చిపోతుంటే చూసే దిక్కులేదు, జనమంతా మూడో వరసకేసి తిరిగారు. పాపం, ఆ రాజు రెండోసారి చావాల్సొచ్చింది.

సోమవారం యజమాని ఇద్దరినీ పిలిచాడు. అల్లుడితో అన్నాడు: "నీ పద్ధతి బంగారమే. దానికి తెలియంది ఈయన బుర్రలో ఉంది. ఊళ్ళో ఎవరికెవరితో పడదో మొత్తం చెప్పించుకుని ఎక్కించు. అది అయ్యాక ఈయన్ని పంపించేద్దాం."

అల్లుడు వేళ్ళు విరుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "చెప్పు బాబాయ్."

గుమాస్తా తీరిగ్గా ఆలోచించాడు. "బట్టలకొట్టాయనకీ వాళ్ళ వియ్యంకుడికీ పడదు."

"తర్వాత?"

"ఇవాళ్టికి ఇంతే గుర్తొచ్చింది బాబూ. వయసు కదా."

అల్లుడు రోజూ వస్తున్నాడు. గుమాస్తాకి రోజుకొక ఇల్లే గుర్తొస్తోంది. ఊళ్ళో ఇళ్ళు రెండువేల పైచిలుకు. పైగా మొన్న బట్టలకొట్టాయనా వియ్యంకుడూ రాజీపడ్డారట. అది కొట్టేయడానికే ఒక పూట పట్టింది.