గద్ద లేని ఆట

బడి వరండా ఉన్నట్టుండి బస్టాండు అవుతుంది, బస్టాండులో బడి బల్లలే ఉంటాయి, వాటి మధ్య చనిపోయి ఏడాదైన ఆయా పైడమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి నిలబడి, పిల్లల్ని ఆడిస్తున్న సులోచన టీచరును అన్నంలో రాయి తగిలిన ముఖంతో చూస్తూ ఉంటుంది. పైడమ్మ పోయిన సంగతి సులోచనకు గుర్తే గాని, ఇప్పుడు ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపిస్తుంది.

"ఏటమ్మా ఇది?"

"కోడిపిల్లలాట."

"గద్దేది?"

"తీసేశాను."

తీసేసిన మాట నిజమే. ముందు కోడి, దాని వెనక ఒకరి నడుం ఒకరు పట్టుకున్న పిల్లలు, చివరి పిల్లను ఎత్తుకుపోవడానికి గద్ద, ఇదీ ఆట. ఇరవై ఏళ్ళు ఆ గద్ద పైడమ్మే. ఇప్పుడు గద్ద లేదు గనక పిల్లలు కోడి వెనక రేషన్ షాపు వరుసలా నడుస్తారు, ఆవలిస్తారు, సులోచన చప్పట్లు కొడుతుంది. ఆవిడ కథల్లో పులి పెరుగన్నం తిని మేకకు సారీ చెబుతుంది. కుర్చీలాటలో ఎంతమంది పిల్లలో అన్ని కుర్చీలు.

"మోక్షిత కోసం పైడమ్మా. వానల్లో వాళ్ళమ్మ పోయింది. నీకు తెలీదు."

"తెల్దేటి, ఆ తల్లి నా పక్కనే కూకుంటాది. మా గుంట ఇంకా బల్ల కిందే ఉందేటి అని రోజూ అడుగుతాది. ఏటి సెప్పమంటావు?"

ఇంత జాగ్రత్త పడినా మోక్షిత మూడు నెలలుగా బల్ల కిందనుంచి బయటికి రాలేదు, జూన్‌లో వెళ్ళబోయే పెద్దబడిలో బల్ల కింద కూర్చోనిచ్చేవాళ్ళు ఉండరు. బస్సొకటి వచ్చి, ఎవరూ ఎక్కకుండానే, గోడలోంచి వెళ్ళిపోతుంది.

"పసిమనసు. భయపెట్టకూడదు," అంటుంది సులోచన, శిక్షణ తరగతిలో నేర్చుకున్న మెత్తని గొంతుతో.

పైడమ్మ పక్కకు తిరిగి ఉమ్ముతుంది. "ఆ గుంట సూడాల్సిన గద్దని సూసేసింది టీచరమ్మా. నువ్వు దాస్తున్నదేటి? తప్పించుకోడం నేర్పాలి గాని."

"అలా కాదు..."

"నాను సెప్తాను ఇను. ఇరవై ఏళ్ళు పిల్లలు నన్ను తిట్టినారు, రక్కినారు, ఎల్లి నీ ఒళ్ళో కూకుని నీకు ముద్దులెట్టినారు. నాను పోయినాక ఆ తిట్లు నీకు పడాల. నీకు మనసొప్పలేదు. అందరికీ మంచి టీచరువి కావాల నువ్వు. మళ్ళీ గుంట కోసమంట."

సులోచనకు ఒళ్ళు మండిపోతుంది. పనిమనిషి చేత మాట పడ్డందుకు కాదు, ఆ మాటలో ఒక్క అక్షరమూ అబద్ధం లేనందుకు. సిగ్గుతో తల తిప్పుకుంటే ఆ వైపున బల్లలు లేవు, బస్టాండు లేదు, పొడుగ్గా ఎటో సాగిపోయే పిల్లల వరుస, దాని చివర, ఎవరి నడుమో పట్టుకుని, మోక్షిత.

"ఎల్లు, పట్టు," అంటుంది పైడమ్మ. "నా సేతులతో ఇంక అవదు."

సులోచన పరుగెత్తుతుంది, ఎంత పరుగెత్తినా వరుస వంపు తిరిగి తప్పుకుంటూనే ఉంటుంది, పైడమ్మ వెనకనుంచి నవ్వుతూనే ఉంటుంది, ఇంక ఓపిక లేదనుకున్న చోట చెయ్యి చాచి ఆ చిన్న జబ్బను గట్టిగా, నిర్దయగా దొరకబుచ్చుకుంటుంది.

చెయ్యి చురుక్కుమనేసరికి సులోచన కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలంతా చాపల మీద నిద్రపోతున్నారు. మోక్షిత దూరే బల్లకు ఆనుకుని కూర్చున్న సులోచన తనూ కునుకు తీసినట్టుంది. తన మణికట్టు మీద చిన్నచిన్న పళ్ళ గాట్లు, ముందు పన్ను ఊడిన చోట మాత్రం ఖాళీ.

మోక్షిత బల్ల బయట నిలబడి ఉంది. జబ్బ మీద సులోచన వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలాయి. ఏడవడం లేదు. చేతకానిదాన్ని చూసినట్టు టీచరును కిందనుంచి పైదాకా చూసింది.

"నన్ను పట్టుకోలేవు టీచర్."

సులోచన లేచేసరికి ఆ పిల్ల అప్పుడే పరుగు అందుకుంది.