ముప్పై ఒకటో ఎపిసోడ్

టీ వడబోస్తూ ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పళ్ళ డాక్టరుకి చక్కెర లేకుండా, లెక్చరరమ్మకి పాలు తక్కువ, ఇన్సూరెన్సాయనకి అల్లం దండిగా, అత్తగారికి చల్లార్చి, మొగుడికి పెద్ద కప్పులో. లెక్క సరిపోయింది. అయినా నమ్మకం చాలక గోడకి అంటించిన పసుప్పచ్చ చీటీ ఇంకోసారి చదువుకుంది. పొయ్యి పక్క గోడనిండా చీటీలే. గ్యాస్ కట్టేశావా? తాళాలు కొక్కేనికి తగిలించావా? అత్తయ్య మాత్ర అయిందా? అన్నీ ఆమె దస్తూరీయే. కళ్ళజోడు పొద్దుట్నుంచి కనబడటంలేదు కాబట్టి కళ్ళు చికిలించుకుని చదువుకుంది. ఫోనైతే శుక్రవారం నుంచే లేదు.

హాల్లో గొడుగు సంఘం కొలువుతీరి ఉంది. టీవీలో అరవై రెండు భాగాలు వచ్చి ఆగిపోయిన డిటెక్టివ్ సీరియల్ ఒకటుంది. అందులో కేసులు తేల్చేవాడు ఎండా వానా లేకుండా గొడుగు పట్టుకు తిరిగే ఓ ముసలాయన. ఆయన వీరాభిమానులు నలుగురు నెలకో ఆదివారం మధ్యాహ్నం ఈ ఇంట్లో చేరి, ఏ ఎపిసోడ్ గొప్పది, ఏది చెత్తది అని జుట్లు పట్టుకుంటారు. అధ్యక్షుడు ఆమె మొగుడే. ఇవాళ చీటీలమీద ఓట్లు వేసి ఒకటి మకుటం పెట్టడానికీ, ఒకటి చెత్తబుట్టలో వేయడానికీ తేల్చేసుకోవాలట. వీళ్ళకో కట్టుబాటు ఉంది. ఏ ఎపిసోడ్ ముగింపైనా విప్పేముందు, చూడనివాళ్ళు చేతులెత్తాలి. ఎత్తినవాళ్ళు బాల్కనీలోకి వెళ్ళి నిలబడాలి. ముగింపు తెలిసిపోతే చూసేవాడికి అన్యాయం జరిగిపోతుందని అంత జాలి వాళ్ళకి. ఇందాక ఇన్సూరెన్సాయన రెండుసార్లు అలా బాల్కనీలోకి వెళ్ళొచ్చాడు.

ఆ లెక్కన ఆమె బతుకంతా బాల్కనీలోనే గడవాలి. అరవై రెండు భాగాల్లోనూ మొదటి ముప్పావుగంట ఆమె చూసింది, కూరలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో. గొడుగాయన గొడుగు ముడిచి, అందర్నీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకునేసరికి సరిగ్గా అత్తగారి మోకాళ్ళకి వేడినీళ్ళ సంచీ కావాలి, లేదా మొగుడికి భోజనం వేళ అవ్వాలి. అరవై రెండు నేరాలు చూసింది, ఒక్క నేరస్తుణ్ణీ చూడలేదు. ఒకసారి గుమ్మంలో నిలబడిపోయిందని అత్తగారు, "ఎవడు చేస్తే నీకెందుకే? అన్నం చల్లారిపోతోంది," అన్నారు.

ఇదివరకు ఆమె ఇలా ఉండేది కాదు. ఆసుపత్రి మందుల కౌంటర్లో పదమూడేళ్ళు పనిచేసింది. డాక్టర్ల కోడిగీతలు చదవాలంటే జూనియర్లు ఆమె దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఏ మందు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. మూడేళ్ళ కిందట అత్తగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఈ ఇంటికి వచ్చారు. ఉద్యోగం మానెయ్యమని మొగుడు మెల్లగా అడిగాడు. ఆమె కుదరదంది, అంతే మెల్లగా. ఆయన కోప్పడలేదు. ఇంకోసారి అడగలేదు కూడా.

ఆ తర్వాతి నెలలోనే ఇంటి తాళాలు పోయాయి. సబ్బుపొడి డబ్బాలో దొరికాయి. తర్వాత చేతివాచీ, ఐసు గడ్డకట్టే అరలో. తర్వాత పొయ్యిమీద ఖాళీ గిన్నె మాడిపోయి ఇల్లంతా పొగ. తను పెట్టిన గుర్తే లేదు. ప్రతిసారీ ఆయనే వెతికిపెట్టాడు, ఒక్క విసుగు మాట లేకుండా. చేతిలో పెట్టి, తల నిమిరి, "పర్వాలేదులే, నేనున్నానుగా," అనేవాడు. ఎంత మంచి మొగుడమ్మా, కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటున్నాడు అని ఆడపడుచులు మురిసిపోయారు. ఆమెకీ అలాగే అనిపించింది. అదీ సిగ్గుచేటు.

అప్పుడే ఆమెకి ముప్పై ఒకటో ఎపిసోడ్ గుర్తొచ్చింది. అందులోనూ ఓ ఇల్లాలు వస్తువులు ఎక్కడెక్కడో పెట్టి మర్చిపోతుంటుంది. చివరికి ఆవిడ ఏమైందండీ అని మొగుణ్ణి అడిగింది. ఆయన నీకెందుకు చెప్పడం అన్నట్టు నిట్టూర్చి, ఆవిడకి నిజంగానే మతి పోయిందని తేలిందనీ, ఆసుపత్రిలో చేర్చారనీ చెప్పాడు. ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు. పోనుపోను ఆయన ఇంకో మాట కూడా అనసాగాడు. "ఇంట్లో సరే, నేను చూసుకుంటా. కౌంటర్లో ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేస్తే? చంపినదానివవుతావు." పదమూడేళ్ళలో ఒక్క మాత్ర తేడా రాని మనిషి, ఆ భయానికే పోయినేడు ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చింది. అత్తగారు హమ్మయ్య అన్నారు.

ఆమె ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి రచ్చ ముదురు పాకాన ఉంది. చెత్త ఎపిసోడ్ ఏదంటే ముప్పై ఒకటే అని లెక్చరరమ్మ కుండబద్దలు కొట్టింది. అధ్యక్షుడు ఒప్పుకోనన్నాడు, తనకి అన్నిట్లోకీ ఇష్టమైనది అదేనన్నాడు. ముగింపు విప్పకుండా ఇది తెగదని పళ్ళ డాక్టరు, చూడనివాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఇన్సూరెన్సాయన తను చూశానని గర్వంగా చెప్పాడు. ఆమె వాళ్ళ మధ్యలోనే నిలబడి ఉంది, రెండు చేతుల్లో ఐదు కప్పుల ట్రేతో. ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు.

"అందరం చూసినవాళ్ళమే, కానివ్వండి," అన్నాడు మొగుడు, ట్రేలోంచి పెద్ద కప్పు అందుకుంటూ.

మూడేళ్ళు పట్టుబడని దొంగకి భయం ఎగిరిపోతుంది. పైగా ఆయన లెక్కలో ఆమె ఓ మంచినీళ్ళ గ్లాసు, గ్లాసు ముందు గుట్టు దాచాలని ఎవరికి తోస్తుంది?

లెక్చరరమ్మ అందుకుంది. అది అసలు నమ్మేలా ఉందా అని నిలదీసింది. తనకి ఇష్టంలేని ఉద్యోగం పెళ్ళాం చేత మాన్పించడానికి మొగుడే తాళాలు దాచి, వాచీ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టి, ఆమెని పిచ్చిదాన్ని చేస్తుంటే, ఆ ఇల్లాలు అన్నేళ్ళు కనిపెట్టలేదంటే ఎలా? "ఆడదాన్ని అంత మొద్దుగా చూపిస్తే నాకు ఒళ్ళు మండిపోతుందండీ. అలాంటి దద్దమ్మ ఎక్కడైనా ఉంటుందా?"

"ఉంటుందిలెండి," అన్నాడు మొగుడు నవ్వుతూ.

పళ్ళ డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఎంతైనా ఆ మొగుడి డైలాగుకి ఓటు వేసి తీరాలన్నాడు. గొంతు మెత్తగా చేసుకుని, గాల్లో ఎవరిదో తల నిమురుతున్నట్టు చెయ్యి ఆడించి, "పర్వాలేదులే, నేనున్నానుగా," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు.

నవ్వుతూనే ట్రేలోంచి తలా ఓ కప్పు అందుకున్నారు. ఆమెకి ముందు వచ్చింది కోపం కాదు, అవమానం. దద్దమ్మ అన్న మాట తనకి అక్షరాలా సరిపోయిందన్న అవమానం. ఇన్నాళ్ళూ తన బుర్రని తనే అనుమానించి, తన చేతుల్ని తనే నమ్మక, గోడకి చీటీలు అంటించుకుని బతికింది. దానికి మందు వెయ్యమని దేవుణ్ణి వేడుకుంది. ఆ జబ్బు మూడడుగుల దూరంలో సోఫాలో కూర్చుని టీ ఊదుకుంటోంది.

గొడుగాయన ఆ మొగుణ్ణి ఎలా పట్టుకున్నాడో అక్కడే ఉంది గొప్పతనమంతా అంటున్నాడు ఇన్సూరెన్సాయన. "వెతికేవాడు నాలుగు చోట్ల వెతుకుతాడయ్యా, దాచినవాడే నేరుగా వెళ్తాడు అంటాడు చూడండి, అదీ దెబ్బ!"

మొగుడు అప్పుడు తలెత్తి ఆమెని చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆమె అక్కడ ఉన్నట్టు చూశాడు. వెళ్ళి మంచినీళ్ళు పట్టుకురమ్మన్నాడు. ఆమె కదలలేదు. ట్రే బల్లమీద పెట్టింది.

"ఏమండీ, నా కళ్ళజోడు పొద్దుట్నుంచి కనబడటంలేదు. కాస్త చూసిపెడతారా?"

ఎప్పుడైనా ఇలా అడిగితే ఆయన రెండు అంగల్లో వెళ్ళి తెచ్చేవాడు. ఇవాళ లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఒక్క క్షణం గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీదికి పోయి, చటుక్కున వెనక్కి వచ్చేశాయి. తర్వాత టీవీ వెనక చూశాడు. సోఫా దిండ్లు ఎత్తి చూశాడు. ఫ్రిజ్ పైన తడిమాడు. కిటికీ గట్టు, పుస్తకాల అర, ఆఖరికి వాళ్ళమ్మ కుర్చీ కింద వంగి చూశాడు. చెమటలు పడుతున్నాయి. ఇంత పెద్ద హాల్లో ఆయన వెతకని చోటు ఒక్కటే మిగిలింది.

ఆమె నేరుగా అక్కడికి వెళ్ళింది. అడుగు అరలో ఆయన నల్ల బూటులో చెయ్యి పెట్టింది. కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడిచి పెట్టుకుంది. గదిలో మొహాలన్నీ తేటగా కనిపించాయి.

"భలే! వదినగారికి మతిమరుపన్నావు, నేరుగా వెళ్ళి పట్టేసిందే," అన్నాడు పళ్ళ డాక్టరు. ఇన్నేసి కేసులు నోటికొచ్చిన మనుషులు, ఒక్కరికీ ఏమీ తోచలేదు. మొగుడికి మాత్రం మొహంలో నెత్తురుచుక్క లేదు. వెళ్ళి పడుకో, నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు అని గొణిగాడు.

ఆమె లెక్చరరమ్మని ఫోను ఒకసారి ఇమ్మని అడిగింది. పద్నాలుగు నెలలుగా చెయ్యని నంబరది. పదంకెలూ ఒక్కటి తడబడకుండా నొక్కింది. తన వేళ్ళని తనే కాసేపు చూసుకుంది. అవతల ఆసుపత్రిలో తన పాత పై అధికారి ఎత్తింది.

"మేడమ్, నేనండీ, మందుల కౌంటరు... అవునండీ, బాగానే ఉన్నాను. మతిమరుపని రాజీనామా ఇచ్చాను కదండీ. అది జబ్బు కాదండీ. వస్తువులన్నీ మా ఆయనే దాచేవారు." అవతలి మాట విని, "రేపు తొమ్మిదికి వచ్చి మాట్లాడతాను," అంది.

ఎవరి చేతిలో కప్పు వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. లెక్చరరమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అత్తగారు చల్లారిన టీలోకి చూస్తూ తల దించుకున్నారు. ఆశ్చర్యపడి మాత్రం కాదు, ఆవిడకి ఇదంతా ముందే తెలుసని మొహమే చెప్పింది. అది ఈ మధ్యాహ్నం ఆమె చూసిన రెండో ముగింపు.

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది. మొగుడి ముందున్న పసుప్పచ్చ చీటీల కట్ట పక్కకి జరిపి, ఆయన ఖాళీ చేసిన అధ్యక్షుడి కుర్చీలో కూర్చుంది.

"చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి," అంది.