చేపల తొట్టెలో పులుపు

అతను లిఫ్టు మెకానిక్కు. తొమ్మిదో అంతస్తులో మొండికేసిన లిఫ్టు కూడా తన టూల్‌బాక్సు చప్పుడు వింటే బుద్ధి తెచ్చుకుంటుందని అతని నమ్మకం. ఆ నమ్మకం మీద నీళ్లు చల్లింది సొంత ఇంట్లోని చేపల తొట్టె.

ఒక శనివారం ఉదయం ఏడు చేపలూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. పీహెచ్ కొలిచే పట్టీ ముంచి చూశాడు. ఏడు ఉండాల్సింది ఆరుకు దిగింది. అంటే నీళ్లు పుల్లబడ్డాయన్నమాట. పులుపుకి విరుగుడు వంటసోడా అని తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు కాబట్టి చెంచా నిండా వేశాడు. గంటలో పట్టీ ఎనిమిది చూపించింది. చేపలు పక్కకి ఒరిగాయి. సాయంత్రానికి చారల చేప చచ్చిపోయింది.

చేపల షాపావిడకి ఫోన్ చేశాడు.

"మిమ్మల్ని చన్నీళ్లలో ముంచి తీసి, వెంటనే వేణ్ణీళ్లలో ముంచితే ఎలా ఉంటుంది?" అందావిడ.

"నన్నెవరు ముంచుతారండీ?"

"చేపలూ అదే అనుకుని ఉంటాయి. సోడా ఆపండి. రోజుకి రెండు మూడు చెంబుల నీళ్లు తీసి, మంచినీళ్లు పొయ్యండి. అంతకన్నా ముందు ఆ పులుపు ఎక్కణ్నించి వస్తోందో పట్టుకోండి."

పట్టుకోవడం అతని వృత్తి. కుళాయి నీళ్లు చెంబులో పట్టి ఒక రోజు ఉంచి చూశాడు. ఏడు. తొట్టెలో అలంకారానికి పెట్టిన చెక్కముక్కని విడిగా బకెట్లో నానబెట్టాడు. నీళ్లు డికాక్షన్ రంగుకి తిరిగాయిగానీ పులుపు ఎక్కలేదు. ఫిల్టరు విప్పాడు, మేత తగ్గించాడు, గులకరాళ్లు ఒక్కొక్కటీ కడిగాడు. అందరూ నిర్దోషులే. ఇక ఆవిడ చెప్పినట్టు రోజూ నీళ్లు మారుస్తూనే, నోటుపుస్తకం తెరిచి, పొద్దునా సాయంత్రం కొలిచి రాయడం మొదలుపెట్టాడు. పదిరోజులకి లెక్క తేలింది. తేలాక, తేలకపోయినా బాగుండేదనిపించింది.

భార్య నర్సు. ఆమె డ్యూటీ వారానికో రకంగా మారుతుంది.

"నువ్వు పొద్దున డ్యూటీకెళ్లిన రోజు ఏడు. ఇంట్లో ఉన్న రోజు ఆరు," అన్నాడు పుస్తకం చూపిస్తూ.

ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె చెయ్యి ఆగింది. "అంటే నేనింట్లో ఉంటే నీళ్లు కూడా విరిగిపోతున్నాయంటారు."

"నేననట్లేదు. అంకెలంటున్నాయి."

"అయితే ఇవాళ అన్నం కూడా అంకెల్నే వండిపెట్టమనండి."

ఆ పూట అతను బిస్కెట్లు తిన్నాడు.

మర్నాడు కూడా ఆమె పొద్దున ఇంట్లోనే ఉంది. అతను సోఫాలో పడుకుని, పేపరు మొహం మీద కప్పుకుని, అంతో ఇంతో నమ్మదగ్గ గురక పెట్టాడు. ఆ ఇంట్లో మూడో మనిషి మావగారు. రిటైరైన జాగ్రఫీ టీచరు. పిల్లలు పెట్టిన పేరు గ్లోబు మాస్టారు, ఆయన పొట్ట చూస్తే ఎవరూ కారణం అడగరు. అత్తగారు పోయాక, ఏడాదిగా కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"నోరు తెరువు నాన్నా. నమిలి తిను," అంటూ ఆమె నారింజరంగు విటమిన్ సి బిళ్ల ఆయన నోట్లో పెట్టింది. ఆయన దవడ ఆడేదాకా నిలబడి చూసి స్నానానికెళ్లింది. మాస్టారు మెల్లగా తొట్టె దగ్గరికి నడిచాడు. పాపం, ఆయనకి చేపలంటే ఎంత ప్రాణమో అని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఆయన మూత ఎత్తాడు, వంగాడు, తుపుక్కున ఉమ్మాడు.

"మావయ్యా."

మాస్టారు వెనక్కి తిరగలేదు. "చేపల్ని చూస్తున్నా అల్లుడూ."

"నోటితోనా?"

వలతో తీస్తే పంటిగాట్లు పడిన బిళ్ల బయటికొచ్చింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "రోజూనా?"

"అది ఇంట్లో ఉన్నరోజే. లేనప్పుడు నా గది కిటికీలోంచి విసిరేస్తా. ఉంటే గదిదాకా పోనివ్వదుగా, ఇక్కడే ఎదురుగా నిలబడుతుంది. సుద్దముక్కని నిమ్మరసంలో నానబెట్టినట్టుంటుందయ్యా అది."

"వద్దని చెప్పొచ్చుగా."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "హాస్పిటల్లో ఊరందరికీ మందులిచ్చాను, అమ్మకి మాత్రం దగ్గరుండి ఇవ్వలేకపోయానని దాని బాధ. నేను నోరు తెరిస్తే దాని మొహం తేటపడుతుంది. ఎలా మూసుకోను చెప్పు?"

తలకి తువ్వాలు చుట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"డాక్టరు నెలరోజులకే రాశారు నాన్నా," అంది. "నాకు తెలుసు. ఆపడానికి చెయ్యి రాలేదు." తువ్వాలు బిగించుకుని, "ఇంకా ఏమేం ఉమ్మేస్తున్నావు?" అని అడిగింది, ఈసారి నర్సు గొంతుతో.

"బీపీ మాత్ర మింగుతున్నానే. ఒట్టు. అది చిన్నది."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. లిఫ్టులు ఏడవవు కాబట్టి అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. తడి చేతిని చొక్కాకి తుడుచుకుని ఆమె భుజం మీద వేశాడు.

"అంకెలు క్షమించమంటున్నాయి," అన్నాడు.

"అంకెల్ని అడగలేదు," అంది ఆమె, చెయ్యి మాత్రం తీసెయ్యలేదు.

వారం తిరిగేసరికి, రోజుకి మూడు చెంబుల చొప్పున నీళ్లు మారుస్తుంటే, పీహెచ్ ఏడుకొచ్చి కదలకుండా కూర్చుంది. మిగిలిన ఆరు చేపలూ తేరుకుని మేత కోసం కొట్టుకోవడం మొదలుపెట్టాయి. బిళ్లల సీసా చెత్తబుట్టకి చేరింది.

దాని బదులు తండ్రీకూతుళ్లు పొద్దున్నే నడకకి వెళ్లడం పెట్టుకున్నారు. మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్లి, ఆయన మోకాళ్లని తిట్టుకుంటూ తిరిగొచ్చారు. నాలుగోరోజు గంటన్నర దాటినా రాలేదు. అతను తనే పొయ్యి వెలిగించి, ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక ఆమెకి ఫోన్ చేశాడు.

"తర్వాత చేస్తాను," అంది ఆమె గొంతు తగ్గించి. "నాన్న అమ్మ గురించి చెబుతున్నాడు."