రెండూ ఉన్న ఫొటో

నాంపల్లి స్టేషను వెనక మాల్‌గోదాం గేటు దగ్గర ఒక పాత సిగ్నల్ స్తంభం ఉండేది. నిజాం కాలం నాటిది. పైన ఎర్రటి ఇనుప రెక్క. గేటు వేసి లివరు గుంజితే ఆ రెక్క కిందికి వాలేది, ఇక బండి పోవచ్చని అర్థం. ఈ స్తంభాన్ని లోకంలో ఒకే ఒక్కడు ప్రేమించాడు. అతని పేరు బాలకిషన్, అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం. చిన్నప్పుడు బడికి ఆలస్యమైనప్పుడల్లా "గేటు పడింది సార్" అని దెబ్బలు తప్పించుకున్నవాడు కనుక, ఆ రెక్క మీద అతనికి జీవితాంతం విశ్వాసం ఉండిపోయింది.

ప్రతి ఆదివారం కెమెరా మెడలో వేసుకుని వెళ్లేవాడు. ఎండలో ఒక ఫొటో, వానలో ఒక ఫొటో, కాకి వాలితే ఒకటి, కాకి లేస్తే ఇంకొకటి.

"గా ఇనుప కట్టెకు ఆరు వేల ఫొటోలా! నాయి లెక్కవెడితే ఆరు లేవు," అనేది భార్య విద్యావతి. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి బాలకిషన్ కెమెరా తుడుచుకునేవాడు.

అదే గేటు దగ్గరికి పన్నెండేళ్లుగా ఇంకొకాయన కూడా వచ్చేవాడు. గోపాలరావు, రిటైరైన లెక్కల మాస్టారు. యాభై ఆరులో వాళ్ల నాన్న గుడివాడ నుంచి వచ్చి బషీర్‌బాగ్‌లో స్థిరపడినా, ఆ ఇంట్లో భాషా మారలేదు, ఆవకాయా మారలేదు. ఆయనకు సిగ్నళ్లతో పని లేదు, గూడ్సు బండ్లు కావాలి. ప్రతి వ్యాగను మీదా తెల్లరంగుతో రాసిన పదకొండంకెల నంబరును ఫొటో తీసుకుని, అక్కడికక్కడే నోటుపుస్తకంలోనూ ఎక్కించేవాడు. ఎందుకండీ అని అడిగితే "నంబరు ఉంది కదండీ" అనేవాడు. లెక్కల మాస్టారికి అంతకు మించి కారణం అక్కర్లేదు.

ఇద్దరికీ స్నేహం కుదిరింది, గొడవా కుదిరింది.

"బాలకిషన్ గారూ, మీ స్తంభం అడ్డమొచ్చి నంబరు కనపడటం లేదండీ!" అని ఈయన.

"రావ్ సాబ్, మీ డబ్బాలు అడ్డమొచ్చి నా సిగ్నల్ ఖరాబైతుంది. జర పోనీయండి!" అని ఆయన.

బాలకిషన్ బండి రాకముందు ఒకటి, పోయాక ఒకటి తీసేవాడు. గోపాలరావు స్తంభానికి పది గజాల అవతల నిలబడి దాన్ని వెలివేసి తీసేవాడు. ఇద్దరూ కలిసి ఒక పరిశోధక సంఘం కూడా పెట్టారు. అందులో సభ్యులు ఇద్దరే కాబట్టి ఒకరు అధ్యక్షుడు, ఇంకొకరు కార్యదర్శి. సంఘం పేరులో సిగ్నళ్లు ముందా గూడ్సు బండ్లు ముందా అన్నది తేలక, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నాలుగేళ్లుగా ఇరానీ హోటల్లో చర్చ నడుస్తూనే ఉంది.

ఇంతలో గోదాము ఊరవతలికి తరలిపోయింది. ఆ లైను మీద బండ్లు రావని ఆర్డరు వచ్చింది. గేట్‌మ్యాన్ రాజయ్యను తీసెయ్యమని మాత్రం రాలేదు. కాబట్టి రాజయ్య రెండేళ్లుగా రాని బండ్లకు కాపలా కాస్తూ, గేటు పక్కన కొత్తిమీర పెంచుకుంటూ డ్యూటీ చేస్తున్నాడు.

ఒక ఆదివారం పోయి చూస్తే స్తంభానికి కాగితం అంటించి ఉంది. పనికిరాని ఇనుమట, నెలాఖరులోగా తీసేస్తారట. బాలకిషన్‌కు ఆ రోజు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్నే ఆరు వేల ఫొటోలు సంచిలో వేసుకుని, గోపాలరావును వెంటబెట్టుకుని, అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తులో ఉన్న ప్రాచీన వస్తు రక్షణ విభాగానికి పోయాడు. అక్కడి అధికారి అనురాధ. మంచి మనిషి, కాకపోతే ఫారంలో ఉన్న గడులన్నీ నిండితేనే ఆమె మంచితనం బయటికి వస్తుంది.

"తొమ్మిదో గడి ఖాళీగా ఉంది," అన్నదామె. "వస్తువు తన పని తాను చేస్తున్నట్టు ఒక ఫొటో. అంటే సిగ్నల్ వాలి ఉండాలి, పక్కనుంచి రైలు పోతుండాలి. రైలు లేకపోతే అది వట్టి స్తంభమే కదండీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు రోజులు రెండిళ్లలోనూ పెట్టెలు బోర్లించారు. సిగ్నల్ ఉన్న చోట బండి లేదు, బండి ఉన్న చోట సిగ్నల్ లేదు. పన్నెండేళ్లు, కొన్ని వేల ఫొటోలు, రెండూ ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. అంత శ్రద్ధగా తీశారు మరి!

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, గురువారం రాజయ్య ఫోన్ చేశాడు.

"సార్, రేపు పొద్దుగాల పదింటికి మన లైన్ల మాల్‌గాడి వస్తుందట."

బాలకిషన్ ఆ ఫోనుకే దండం పెట్టాడు. రెండేళ్లుగా రాని గూడ్సు బండి ఇప్పుడెందుకొస్తున్నదని అతనికి తట్టలేదు, మాస్టారికీ తట్టలేదు. ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో ఇద్దరూ చెరో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిని పండగ చేసుకున్నారు.

శుక్రవారం పదింటికి దూరంగా కూత వినిపించింది. రాజయ్య గేటు వేసి లివరు గుంజాడు. కదల్లేదు. రెండేళ్ల తుప్పు.

"అయితలేదు సార్! ఇంకొక చెయ్యి వెయ్యాలె!"

బాలకిషన్ చేతిలో కెమెరా ఉంది. గోపాలరావు ఒక్క క్షణం నోటుపుస్తకం వంక, ఒక్క క్షణం వస్తున్న బండి వంక చూశాడు. పుస్తకం కొత్తిమీర మడిలో పడేసి, ధోవతి ఎగ్గట్టి లివరు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుంజితే కిర్రుమంటూ ఎర్ర రెక్క వాలింది. ఒక ఇంజను, వెనక టాపులేని వ్యాగను ఒక్కటే, దాని వెనక గార్డు డబ్బా, అంతే బండి. సరిగ్గా వ్యాగను స్తంభం వెనక్కి వచ్చినప్పుడు బాలకిషన్ నొక్కాడు. ఏడుపొచ్చింది అతనికి. సిగ్నల్ వెనక బండి ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్లూ తెలియనందుకు సిగ్గు కూడా వేసింది.

బండి ఆగింది. గార్డు డబ్బాలోంచి నలుగురు మనుషులు ఏవో సామాన్లతో దిగారు. వాళ్లను చూసే తీరిక ఎవరికుంది? స్కూటరు అప్పటికే అబిడ్స్ దారి పట్టింది.

స్టూడియోలో ఫొటో పెద్దది చేయించి రెండు కాపీలు తీయించారు. ఆఫీసులో అనురాధ మీటింగులో ఉంది, తర్వాత లంచ్, తర్వాత ముద్ర ఉన్న బీరువా తాళం ఉస్మాన్‌గంజ్‌లో ఎవరి జేబులోనో ఉంది. నాలుగున్నరకు తొమ్మిదో గడి నిండింది. సిగ్నల్‌ను కదపరాదని ఆర్డరు చేతికొచ్చింది. అనురాధ లేచి నిలబడి మరీ అభినందించింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి స్తంభం లేదు. నేల మీద జానెడు మోడు, ఇంకా వేడిగా ఉంది. బండి కూడా లేదు.

"మాల్‌గాడి గా సిగ్నల్‌ను తీస్కపోనీకే వచ్చింది గద సార్," అన్నాడు రాజయ్య. "గ్యాసుతోని కోసిన్రు, డబ్బాల వేసిన్రు, పోయిన్రు."

"మరి ముందుగాల చెప్పవా ఏందయ్యా!"

"ఎందుకొస్తుందని మీరు అడిగిన్రా సార్? వస్తుందంటెనే ఖుష్ అయిన్రు."

బాలకిషన్ మోడు పక్కనే కూలబడ్డాడు. గోపాలరావు అనురాధకు ఫోన్ చేశాడు. ఆమె నిజంగానే బాధపడింది.

"ఆర్డరుంది కదండీ, ముక్కలైనా సరే దారిలోనే ఆపించి తెప్పిద్దాం. వ్యాగను నంబరు చెప్పండి చాలు. నంబరు లేకపోతే దేశంలో ఏ వ్యాగనని ఆపించను?"

నంబరు! బాలకిషన్ మొహం వెలిగింది. పన్నెండేళ్లుగా తాను ఎగతాళి చేసిన నోటుపుస్తకం! "రావ్ సాబ్, మీ పుస్తకం తీయండి, జల్ది!"

గోపాలరావు కొత్తిమీర మడిలోంచి పుస్తకం తీసి తెరిచాడు. ఆనాటి పేజీ తెల్లగా ఉంది. బండి వచ్చిన రోజు అలా ఉండటం పన్నెండేళ్లలో మొదటిసారి.

"లివరు గుంజుతున్నానండీ," అన్నాడాయన తలవంచుకుని. "ఆ పూట సిగ్నలే చూశాను."

"ఫికర్ జేయకుండ్రి. ఫొటో ఉన్నది గద!"

సంచిలోంచి ఫొటో తీశారు. కళ్లద్దాలు తుడుచుకుని ఇద్దరూ దాని మీదికి వంగారు. వ్యాగను స్పష్టంగా ఉంది. నంబరు తెల్లగా మెరుస్తున్నది. ముందు నాలుగంకెలు కనిపిస్తున్నాయి, చివర మూడంకెలు కనిపిస్తున్నాయి. నడుమ నాలుగంకెల మీద నిటారుగా, అంగుళం పక్కకు జరగకుండా, సిగ్నల్ స్తంభం నిలబడి ఉంది.

ఫోన్లో అనురాధ "హలో, హలో" అంటూనే ఉంది.

"రావ్ సాబ్," అన్నాడు బాలకిషన్ చివరికి, "నా స్తంభమే అడ్డమొచ్చింది."

"అబ్బే, కాదండీ," అన్నాడు గోపాలరావు, "మా డబ్బానే అడ్డమొచ్చిందండీ."